కాంట మీద నలభై కిలోలు

బిందు సూరారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సూపర్‌వైజరు. పది గ్రాములు తేడా వస్తే డబ్బా మొత్తం విప్పించే మనిషి. మచ్చ బొల్లారంలోని వాళ్లింట్లో పప్పు కూడా ఆమెకు భయపడే ఉడుకుతుందని మొగుడు రాఘవేందర్ ఎగతాళి చేస్తుంటాడు. అలాంటి మనిషి, కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే క్యారవాన్ సర్దితే ఇక చెప్పాలా! నీళ్ల డబ్బాలు, బియ్యం, గ్యాస్ పొయ్యి చక్రాల మీదికి వచ్చేలా నేలకు ఆనించి పెట్టింది. దుప్పట్లు, బట్టలు పై అరల్లోకి తోసింది. గిన్నెల మధ్య తువ్వాళ్లు కుక్కింది. వెనక కిటికీ దగ్గరి సీటు మాత్రం ఖాళీగా వదిలేసింది. తోక బరువెక్కితే క్యారవాన్ రోడ్డు మీద పాములా ఊగుతుంది, లాగే కారును కూడా పక్కకు ఈడ్చేస్తుంది. ఆ కారులో ఎనిమిదేళ్ల కూతురు అశ్రిత ఉంటుంది. సూర్యలంక సముద్రం దాకా మూడొందల కిలోమీటర్ల పైన ప్రయాణం.

బయలుదేరేటప్పుడు ఒక్క పొరపాటు జరిగింది. రాఘవేందర్ తాళం చేత పట్టుకుని గడపలో నిలబడి, "అమ్మా, జల్ది రా, పోదాం" అని లోపలికి కేకేశాడు. నలభై ఏళ్ల అలవాటు, నోరు ఊరుకోలేదు. అతని తల్లి సాలమ్మ పోయి ఏడు నెలలైంది. ఏడాది మాసికం కాకముందు పోయినవాళ్లను గడపలో నిలబడి పిలవకూడదని ఆ ఇంట్లో పసిపిల్లకు కూడా తెలుసు. రాఘవేందర్ నాలుక కరుచుకున్నాడు. బిందు విననట్టే కారెక్కింది.

శామీర్‌పేటలో లారీలు తూచే కాంట ఖాలిక్‌ది. వారం కిందట ఖాళీ క్యారవాన్‌ను తూచిందీ ఆయనే. ఇప్పుడు కారు నుంచి విప్పి, సామానుతో సహా కాంట మీద నిలబెట్టారు.

"మీరు జెప్పినదానికంటే నలభై కిలోలు ఎక్కువున్నది మేడం," అన్నాడు ఖాలిక్ గదిలోంచి.

"నా లెక్క తప్పదు భాయ్. మీ కాంటనే సూసుకోండ్రి."

"పొద్దుగాల సంది ముప్పై లారీలు ఎక్కినయ్. ఒక్కడు గూడ లొల్లి జెయ్యలె."

రాఘవేందర్ క్యారవాన్‌ను కారుకు తగిలించే ముందరి కొక్కెం పట్టి లేపాడు. రెండు చేతులతో కూడా కష్టంగా లేవాల్సింది, ఒంటి చేత్తో లేచింది. అతని ముఖం పాలిపోయింది. "తోక బరువైంది బిందూ. గిట్ల రింగ్ రోడ్డెక్కితే పిల్లతోని సహా బోల్తా గొడ్తం."

మిట్టమధ్యాహ్నం. జవహర్‌నగర్ చెత్తకుప్పల వైపు నుంచి గాలి కంపు మోసుకొస్తోంది. ఇల్లు పీకి పందిరేసినట్టు సామానంతా దించి టార్పాలిన్ మీద పరిచారు. మళ్లీ తూచారు. వారం కిందటి అంకె మీద సరిగ్గా నలభై ఎక్కువ. బిందు లోపలికెక్కి అరలన్నీ వెతికింది, ఏమీ లేదు. వెనక సీటు మెత్త మాత్రం మధ్యలో కుంగి ఉంది. చేత్తో తట్టి పైకి లేపింది. చెయ్యి తీయగానే అది మెల్లగా మళ్లీ కుంగింది.

బిందు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. అప్పుడే గదిలోంచి బయటికొచ్చిన ఖాలిక్, వెనక కిటికీ కేసి చూసి విసుక్కున్నాడు.

"ఏంది మేడం, లోపల పెద్దమ్మను కూసోబెట్టి తూస్తే తేడా రాదా మరి?"

ఖాలిక్ వాళ్ల ముఖాలు చూశాడు, మళ్లీ కిటికీ చూశాడు. రెండడుగులు వెనక్కి వేసి పెదాల లోపలే ఏదో చదువుకోసాగాడు.

పోయిన ఎండాకాలం సాలమ్మ ఆ సీట్లోనే కూర్చుని, "నన్నూ తీస్కపోండ్రి బిడ్డా, సముద్రం సూస్త" అని బతిమాలింది. నడిచే క్యారవాన్‌లో మనుషులుండకూడదు, కారు నిండా సామాను. జాగ లేదని దించేసింది బిందు. తూకం సరిపోయిందని ఆ రోజు సంబరపడింది కూడా. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు అన్నం సయించదు.

"దిగిపొమ్మను," అన్నాడు రాఘవేందర్. "పిల్ల ఉన్నది, బిందూ."

"పిలిచింది నువ్వు. మళ్ల దించుడు నాతోని గాదు."

కానీ కూతురి ప్రాణంతో పందెం వేయడం కూడా ఆమె వల్ల కాదు. బిందు కిటికీ దగ్గరికి నడిచింది.

"అత్తమ్మా, ఈడ కూసుంటే బండి ఊగుతది. పిల్ల పానం మీదికొస్తది. దిగి కారులకు రాండ్రి. మనుమరాలి పక్కన కూసోండ్రి."

క్యారవాన్ కింద స్ప్రింగులు కిర్రుమన్నాయి. కాంట మీది అంకె నలభై దిగింది. ఎండలో ఎవరూ నడవలేదు, కారు తలుపు ఎవరూ తీయలేదు. కారు మాత్రం వెనక ఒకసారి కుంగి నిలబడింది. లోపలున్న అశ్రిత, ఎవరూ చెప్పకుండానే, కిటికీ వైపుకు జరిగింది.

బిందు చెప్పిన చోటే ప్రతి సామానూ మళ్లీ ఎక్కింది. ఈసారి తూకం సరిపోయింది. కొక్కెం రెండు చేతులకు బరువుగా తగిలింది. రాఘవేందర్ ఇంజిన్ స్టార్ట్ చేయగానే కారు టింగుటింగుమని మొత్తుకోవడం మొదలుపెట్టింది. వెనక మధ్య సీట్లో మనిషి బెల్టు పెట్టుకోలేదని అద్దం కింద ఎర్ర గుర్తు వెలిగింది.

బిందు దిగి వెనక్కి వెళ్లింది. మధ్య సీటు బెల్టు లాగి బిగించింది. మోత ఆగింది. బెల్టు సీటుకు ఆనలేదు, జానెడు ఎత్తున గాలిలో గుండ్రంగా నిలిచింది.

"ఇరుకైతాందా అత్తమ్మా?" అంది.

ఎవరో ఊపిరి తీసుకుంటున్నట్టు బెల్టు మెల్లగా పైకి లేచింది, దిగింది, మళ్లీ లేచింది.