ఆకలి తగ్గిన బస్తీ

మధ్యాహ్నం రెండు దాటింది. జూబ్లీ హిల్స్ మేడల వెనుక, ఫిల్మ్‌నగర్ బస్తీలోని రేకుల గదిలో శాంత తోమిన కుక్కర్‌నే మళ్లీ తోముతోంది. పొయ్యి వెలగని ఇంట్లోనూ గిన్నెలు మోగాలన్నది ఆ వీధి మర్యాద.

ఆమె భర్త జంగయ్య సామాన్యుడు కాడు. ఈటె పట్టి పద్నాలుగు సినిమా సామ్రాజ్యాలను కాపాడిన భటుడు. ఎందరో మహారాజులు ఆయన కళ్లముందే పట్టాభిషిక్తులయ్యారు. ఇరవై రోజులుగా మాత్రం ఏ రాజ్యం నుంచీ ఆయనకు పిలుపు లేదు.

ట్యాబ్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది ప్రణతి. ఏ ప్రాంతంలో ఎందరు పస్తులుంటున్నారో ఏటేటా లెక్క తీసే సర్వే ఆమెది. ఈ ఇంటికి రావడం ఇది మూడోసారి.

"గత నెల రోజుల్లో ఇంట్లో ఎవరైనా ఏ పూటైనా తినకుండా ఉన్నారా అండీ?"

జంగయ్య మీసం సవరించాడు. "ఏంది మేడం, గట్ల అడుగుతరు? మాకు తిండికేం ఫికర్? మీరే జర తిని పోండ్రి!"

ఆమె ఎక్కడ సరేనంటుందోనని శాంత ఊపిరి బిగబట్టింది.

ప్రణతి నవ్వి, 'లేదు' అని నొక్కింది. సర్వే గ్రాఫులో తక్కిన ప్రాంతాల ఆకలి గీతలు ఎగుడుదిగుడుగా తడబడుతుంటే, ఈ బస్తీ గీత మాత్రం ఏటేటా సవినయంగా కిందికి దిగుతూ నిపుణుల ప్రశంసలందుకుంటోంది.

"మీ బస్తీ బాగా మెరుగైందండీ. అందుకే ట్రస్టువాళ్లు ఉచిత అన్నం బండిని వచ్చే నెల వేరేచోటికి మారుస్తున్నారు."

బండి వచ్చేది వారానికి మూడు రోజులే. ఆ అన్నాన్ని శాంత కొంగుచాటున తెస్తుంది. ఎక్కడిదని జంగయ్య ఏనాడూ అడగలేదు.

"ఎందుకు మారుస్తరమ్మా?" అడిగింది శాంత.

"ఇక్కడ ఆకలి లేదని మీరే చెబుతున్నారు కదండీ."

శాంత చేతులు కొంగుకు తుడుచుకుంటూ లేచింది. "అది కొట్టెయ్ బిడ్డా. తినలేదని రాయి."

"ఏందే! బయటోళ్ల ముంగట ఇజ్జత్ తీస్తవా?" గద్దించాడు జంగయ్య.

"నీ ఇజ్జత్ పొయ్యి మీద పెడ్తే ఉడుకుతదా? రాయి బిడ్డా."

సమ్రాట్టుల ముందు బెదరని భటుడు గడప మీద కూలబడ్డాడు.

ప్రణతి గొంతు తగ్గించింది. "ఎన్ని రోజులండీ?"

శాంత వేళ్లు మడవసాగింది. ఒక చెయ్యి అయిపోయింది. రెండోది కూడా అయిపోయి, ఆమె ఆగింది.

జంగయ్య తలెత్తకుండానే తన చెయ్యి ఆమె ముందుకు చాపాడు.