అల్లుడు చెప్పిన పాము

భాస్కర్‌కు పాములు పట్టడం మనుషులెవరూ నేర్పలేదు, ఫోన్ నేర్పింది. ములకలపల్లి మండలంలో ఉపాధి హామీ పనుల దగ్గర కూలీల హాజరు మస్టర్లు రాసే ఫీల్డ్ అసిస్టెంటుకు మధ్యాహ్నం దాటితే తీరికే తీరిక. ఆ తీరికలో చెట్టు నీడన కూచుని, ఎక్కడెక్కడివాళ్లో పాములు పట్టే వీడియోలు రెండేళ్లపాటు చూశాడు. చూసి చూసి, ఇనప చువ్వ కొస వంచి కొక్కెం చేసుకుని, ఒకరోజు పంచాయతీ ఆఫీసులో దూరిన జెర్రిపోతును పట్టాడు. జెర్రిపోతును పట్టగలవాళ్లు ఏ ఊళ్లోనైనా నలుగురుంటారు. చప్పట్లు కొట్టేవాళ్లకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? ఆ రోజు నుంచి అతను పాముల భాస్కర్ అయ్యాడు.

అతనిదో ఆనవాయితీ. పట్టింది విషం లేని పామైతే దాన్ని ఆ ఇంటి పెద్ద చేతికిచ్చి ఫోటో తీసి, సాయంత్రానికల్లా స్టేటస్‌లో పెట్టేవాడు. నాగుపాము దొరికితే మాత్రం ఒక్కడే ఫోటో దిగేవాడు. ఆ లెక్కన తాను చాలా నియమంగా ఉంటున్నానని అతనికి గట్టి నమ్మకం. ఏది విషప్పామో, ఏది కాదో తేల్చేది కూడా తానే కదా అన్న సంగతి ఎన్నడూ తట్టలేదు.

ఫారెస్టు బీట్ ఆఫీసర్ పద్మప్రియ రెండుసార్లు చెప్పి చూసింది. "కొత్తగూడెంలో మూడు రోజుల ట్రైనింగ్ ఉంది భాస్కర్, వచ్చి నేర్చుకో. అప్పటిదాక పాము కనబడితే మాకు ఫోన్ చెయ్యి, నువ్వు ముట్టకు" అంది. మొదటిసారి పని ఉందని తప్పించుకున్నాడు. రెండోసారి నవ్వి, "నేను పట్టినన్ని పాములు ఆడ నేర్పేటోళ్లు పట్టిండ్రా మేడం?" అన్నాడు. అసలు సంగతేమిటంటే, కొత్తవాళ్ల పక్కన బెంచీ మీద కూచోవడం అతనికి నామోషీ.

జూలైలో ఒక ఆదివారం భార్య సరళను బండి మీద ఎక్కించుకుని అత్తగారి తండాకు వెళ్లాడు. అడవి అంచున ముప్పై ఇళ్ల తండా అది. మామ దేవ్లాకు అరవై దాటాయి. చిన్నప్పటి నుంచి ఆ అడవిలోనే పశువులు కాసిన మనిషి, మాట తక్కువ. అల్లుడంటే ఆయనకున్న మర్యాద ఇంతా అంతా కాదు. అల్లుడు మంచం మీద కూచుంటే తాను గడప పక్కన కింద కూచుంటాడు. నలుగురిలో అల్లుడి మాట కాదనడం, కూతురి మొహాన కొట్టడం ఆయనకు ఒకటే.

అన్నాల వేళకు ముందు, పొరుగింటి మంగ్లి పొయ్యిలోకని పత్తికట్టె కుప్పలోంచి నాలుగు కట్టెలు లాగి కెవ్వున అరిచింది. కుప్ప పక్కన రెండడుగుల పాము చుట్ట చుట్టుకుని ఉంది. మందపాటి ఒళ్లు, గోధుమ రంగు, దానిమీద ముదురు మచ్చలు. చూస్తుండగానే తండా సగం అక్కడ చేరింది. భాస్కర్ కొక్కెం ఎప్పుడూ బండికే కట్టి ఉంటుంది. తీసుకుని, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ వచ్చాడు.

"భయపడకుండ్రి. గిది కొండచిలువ పిల్ల. విషముండదు."

దేవ్లా ముందుకొచ్చి వంగి చూశాడు. "జర మంచిగ చూడు అల్లుడా. మచ్చలు వరుసగ ఉన్నయ్" అన్నాడు నెమ్మదిగా.

"ఏంది మామా, కొండచిలువకు మచ్చలుండయా?" అని భాస్కర్ నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. దేవ్లా ఒక అడుగు వెనక్కి వేశాడు.

పాము బుస కొట్టింది. ఆగకుండా, పొడుగ్గా కొట్టింది. కొండచిలువ పిల్లలు కూడా బుస కొడతాయని ఏ వీడియోలోనో విన్నాడు కాబట్టి అదీ తనకు సాక్ష్యమే అనుకున్నాడు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు! కొక్కెంతో తల నేలకు అదిమి, మెడ దగ్గర వేళ్లతో పట్టుకుని పైకెత్తాడు. పిల్లలు ఈలలు వేశారు.

"మామా, నువ్వు పట్టుకో. ఫోటో తీస్త."

దేవ్లా అరచేతులు పంచెకు తుడుచుకున్నాడు. ఒక్క క్షణం అల్లుడి మొహం చూశాడు. తర్వాత పామును మెడ దగ్గర గట్టిగా పట్టుకున్నాడు. భాస్కర్ నాలుగడుగులు వెనక్కి నడిచి ఫోన్ ఎత్తాడు.

"జర నవ్వు మామా!"

మామ నవ్వేలోపే పాము ఒళ్లు మెలిపెట్టి తల తిప్పింది. బొటనవేలి మొదట్లో కోరలు దిగాయి. దేవ్లా చెయ్యి విదిలించాడు. పాము కింద పడి కట్టెల్లోకి జారిపోయింది.

"ఏం కాదు, ఏం కాదు! కొండచిలువ కొరికితే ఏమైతది? పసుపు పెట్టుండ్రి" అన్నాడు భాస్కర్, అందరికంటే ముందు.

"దవాఖానకు పోదం" అంది సరళ.

"కొండచిలువ కరిచిందని పోతే ఆడ నవ్వుతరు. నా పరువు తీస్తవా?"

సరళ తండ్రి వైపు చూసింది. "అల్లుడు చెప్పిండు గద బిడ్డా, ఊకో" అన్నాడు దేవ్లా. ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని గోడకు చేరగిలబడ్డాడు.

ఇక్కడిదాకా జరిగింది మిడిమిడి జ్ఞానం అనుకోవచ్చు. ఆ తర్వాతి దానికి ఆ పేరు చాలదు. పావుగంటకే దేవ్లా చెయ్యి మణికట్టు దాకా వాచింది. భాస్కర్ ఫోన్ తీసుకుని, ఎవరికీ కనబడకుండా పశువుల కొట్టం వెనక్కి పోయాడు. సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. చివరికి తెర మీద ఒక బొమ్మ తేరింది. అదే మందపాటి ఒళ్లు, అవే మచ్చలు, గొలుసు పేర్చినట్టు మూడు వరుసలు. కింద రక్తపింజరి అని రాసి ఉంది. తండాలో పొడపాము అనేది దాన్నే. తాను తీసిన ఫోటో పక్కన పెట్టి చూసుకున్నాడు. రెండూ ఒకటే. అప్పుడే పరుగెత్తుకెళ్లి 'తప్పు చెప్పిన, లేవుండ్రి' అని ఉంటే సరిపోయేది. కానీ ఆ మాట అనాలంటే మంగ్లి ముందు, ఈలలు వేసిన పిల్లల ముందు, సరళ ముందు అనాలి. ఫోటో సరిగా పడలేదేమో, తేడా ఉందేమో అని తనకు తాను చెప్పుకున్నాడు. లోపలికొచ్చి, "ఇంకింతసేపు చూద్దం, తగ్గుతది" అన్నాడు.

ఆ ఇంకింతసేపు గంటన్నర అయింది. వాపు మోచెయ్యి దాటింది. దేవ్లా పక్కకు వంగి ఉమ్మితే ఎర్రగా పడింది. సరళ మొగుణ్ణి అడగడం మానేసి, వీధిలోకి పరుగెత్తి ఆటో పిలుచుకొచ్చింది.

ఆటోలో దారి పొడుగునా దేవ్లా తల అల్లుడి భుజం మీదే ఉంది. చిగుళ్ల నుంచి కారిన రక్తాన్ని భాస్కర్ మామ తువ్వాలుతో తుడుస్తూ కూచున్నాడు. మామ చచ్చిపోతాడేమో అన్న భయం ఒకవైపు, ఇదంతా అందరికీ తెలిసిపోతుందేమో అన్న భయం ఇంకోవైపు. రెండోది మొదటిదానికి ఏమాత్రం తీసిపోవడం లేదని గమనించుకుని తన మీద తనకే రోత పుట్టింది.

దవాఖానాలో డాక్టరమ్మ సెలైన్ ఎక్కిస్తూనే, సూదితో రక్తం తీసి గాజుగొట్టంలో పోసింది.

"ఎట్లా కరిచింది? ఎంతసేపయింది?"

"గడ్డి కోస్తుంటే కరిచింది డాక్టరమ్మా. గిప్పుడే, అరగంట" అన్నాడు దేవ్లా.

"అరగంటకే చెయ్యి ఇంత వాయదు పెద్దాయనా. నిజం చెప్తేనే మందు సంగతీ, కిడ్నీల సంగతీ మాకు తెలిసేది. ఎంతసేపయింది?"

"అరగంటే" అన్నాడు దేవ్లా. అల్లుడి వైపు చూడలేదు.

ప్రాణం మీదికొచ్చినా ఆ ముసలాయన కాపాడుతున్నది ఎవరి పరువో భాస్కర్‌కు అప్పుడు తెలిసింది. తల కొట్టేసినట్టయింది.

"రెండు గంటలు దాటింది మేడం" అన్నాడు. "గడ్డిల కాదు. పొడపామును నేనే పట్టిన, ఫోటో కోసం నేనే చేతికిచ్చిన. కొండచిలువ అని చెప్పిన. తర్వాత ఫోన్ల చూస్తే తెలిసింది. తెలిసినంక కూడ నేనే ఆపిన."

చివరి మాట సరళకు కొత్త. ఆమె అతని చేతిలోంచి తువ్వాలు లాక్కుని తండ్రి పక్కకు పోయి నిలబడింది. ఇరవై నిమిషాల తర్వాత డాక్టరమ్మ గాజుగొట్టం వంచి చూపించింది. గడ్డకట్టాల్సిన రక్తం నీళ్లలా జారింది.

దేవ్లా బతికాడు. విషానికి విరుగుడు సీసాల మీద సీసాలు ఎక్కించారు. మూడో రోజు మూత్రం తగ్గిపోతే ఖమ్మం తీసుకెళ్లారు. నాలుగుసార్లు డయాలసిస్ చేశారు. బొటనవేలు కుళ్లితే తీసేశారు. తండా నుంచి జనం వచ్చి చూసి పోయారు. వాళ్లంతా ఆ రోజు కళ్లారా చూసినవాళ్లే. అయినా ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు, అల్లుడు కదా. వాళ్లు వస్తున్నారంటే భాస్కర్ మెట్ల కిందికి పోయి నిలబడేవాడు. సరళ మాత్రం మందుల చీటీ ఇవ్వడానికి తప్ప అతనితో మాట్లాడలేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం సరళ మందులకు పోయింది. దేవ్లా కుడిచేతికి కట్టు ఉండడంతో భాస్కరే మామకు చెంచాతో జావ తాగిస్తున్నాడు.

"తప్పయింది మామా" అన్నాడు. అన్నాళ్లుగా నోట్లో నానిన మాట అది.

దేవ్లా గుటక వేసి, "పొడపాము అని నాకు చూడంగనే ఎరుకైంది అల్లుడా. నా ఎడ్లను రెండింటిని గదే కరిచి సంపింది" అన్నాడు.

భాస్కర్ చెంచా గిన్నెలో పెట్టేశాడు. "ఎరుకై కూడ ఎట్ల పట్టుకున్నవ్ మామా? నాకెందుకు చెప్పలే?"

"జర చూడు అన్న గద. ఇంక గట్టిగ అంటే నలుగురిల నీ మాట పోతది. మెడ వదలకుంటే ఏం కాదనుకున్న. ముసలి చెయ్యి, వదులైంది." తర్వాత కోపం లేకుండా, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "అయినా, చెప్తే విందువా అల్లుడా?"

వినేవాణ్ణి అనడానికి భాస్కర్ నోరు తెరిచాడు. మామ కళ్లలోకి చూస్తూ ఆ మాట అనలేకపోయాడు.

"లేదు మామా" అన్నాడు. "వినకపోయేటోణ్ణి."

గిన్నె మంచం కింద పెట్టి, మోకాళ్ల మధ్య తల దాచుకుని ఏడ్చాడు. అల్లుడు ఏడుస్తుంటే మామ చూడడం దేవ్లా లెక్కలో మర్యాద కాదు. ఎడమచేత్తో దుప్పటి అందుకుని మొహం మీదికి లాక్కున్నాడు.