కొండ చాటు విమానం

నా కూతురు పనిచేసే చోట పాత యుద్ధకాలపు విమానాల ఆట తయారుచేస్తారు. కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకు నిజంగానే విమానం నడుపుతున్నట్టు ఉండాలట. అందులో శత్రువును కనిపెట్టే రాడార్ దాని వంతు. ఆ పని నెత్తికెత్తుకున్నప్పటి నుంచి పిల్ల గోళ్లు కొరుక్కుని వేళ్లు పుండ్లు చేసుకుంది.

మొదట్లో రాడార్ కొండ అవతల ఉన్నవాణ్ణి కూడా పట్టేసేదట. విమానం నడిపేవాళ్లు గోల పెట్టారు. సరేనని దాని పదును తగ్గిస్తే, నేలబారున పోయేవాడు ఎక్కడా కనపడకుండా పోయాడు. ఈసారి రాడార్ దగ్గర కూర్చునేవాళ్లు మండిపడ్డారు. దాంతో మొత్తం తిరగరాసింది. ఇప్పుడు కొండ అడ్డుంటే కనపడడు. బయల్లోకి వస్తే మాత్రం, ఎంత కిందికి దిగినా కాస్త ఆలస్యంగానైనా దొరుకుతాడు.

"ఇవాళ రెండు పక్షాలూ ఒప్పుకోకపోతే నాది తీసేసి పాతదే పెడతారమ్మా," అని చెప్పి, ఏమీ తినకుండానే వెళ్లింది.

రాడార్‌ను తీసేసేవాళ్లు పిల్లను మాత్రం ఉంచుతారా? కళ్లజోడు మరిచిపోయిందన్న వంకతో నేనూ ఆఫీసుకు వెళ్లాను.

పెద్ద గది, నడుమ అట్టల అడ్డం. ఒక పక్క విమానం నడిపే బక్కపల్చని మనిషి. అందరూ పిట్ట అంటారు. అవతల రాడార్ ముందు సోడాబుడ్డి కళ్లద్దాల మనిషి. ఇతన్ని గుడ్లగూబ అంటారు. పిట్ట వెళ్లి వంతెన కూల్చాలి. గుడ్లగూబ అతన్ని ముందే పట్టి ఫిరంగులకు చూపించాలి. వెనక మేనేజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నన్ను రెండు తెరలూ కనపడేలా అడ్డం చివర కూర్చోబెట్టారు.

"చూడండి ఆంటీ, నన్నెలా కాల్చేస్తారో," అన్నాడు పిట్ట.

"అవేం మాటలు నాయనా!" అన్నాను.

విమానం లోయలోకి దిగి చెట్ల కొనలు రాసుకుంటూ పోయింది. రాడార్ తెర ఖాళీ.

"మళ్లీ అదే కథ. ఏమీ లేదిక్కడ," అన్నాడు గుడ్లగూబ.

మేనేజరు నిట్టూర్చాడు. అయిపోయింది, అనుకున్నాను. పక్కనే నిలబడ్డ పిల్ల చెయ్యి పట్టుకున్నాను.

లోయ చివర గట్టు. దాటాలంటే పైకి లేవక తప్పదు. లేచాడు. తెర మీద చుక్క వెలిగింది.

"దొరికాడు దొంగ!"

పిట్ట చటుక్కున కిందికి దూకాడు. చుక్క మాయమైంది.

"ఎక్కడికి పోతావులే! ఇక వంతెన దాకా ఏటి దారే కదా," అంటూ గుడ్లగూబ ఫిరంగులను అటు తిప్పించాడు. ఏటి మీద చాటెక్కడిది? చుక్క మళ్లీ వచ్చింది. ఫిరంగులు పేలాయి. పిట్ట వేసిన బాంబుకు వంతెన కూలింది, అతని విమానమూ మండుతూ నీళ్లలో పడింది.

ఇక ఇద్దరూ కలిసి నా పిల్ల మీద విరుచుకుపడతారని కళ్లు మూసుకున్నాను.

"ఛ! నాదే తప్పు," అన్నాడు పిట్ట. "గట్టు పక్కనుంచి పోవాల్సింది, నడినెత్తినెక్కాను."

"నేను మాత్రం? చుక్క చూసి సంబరపడుతూ కూర్చున్నాను. ఫిరంగులు కాస్త ముందే తిప్పుంటే వంతెన దక్కేది."

"మరి రాడార్ సంగతి?" అన్నాడు మేనేజరు.

"దానికేమైంది?" ఇద్దరూ ఒకేసారి అన్నారు. "పక్కకు తప్పుకోండి సార్, ఇంకోసారి ఆడాలి!"

మేనేజరు పకపకా నవ్వాడు. "ఇదే ఉంటుంది. ఇక దీన్నెవరూ ముట్టుకోవద్దు," అని నా కూతురితో చెప్పి, పిట్టను లేపి తనే కుర్చీలో కూర్చున్నాడు. పిల్ల నా భుజం మీద వాలి ఏడుస్తూ నవ్వింది.

మేనేజరు లోయలోకి దిగాడు గానీ చెట్లంటే భయం కాబోలు, మేడంత ఎత్తున పోతున్నాడు. అవతల చుక్క అప్పుడే మిణుకుమంటోంది.

"ఇంకా కిందికి దిగండి సార్! కనపడిపోతున్నారు!"

అరిచింది నేనే.