పసుపు తిరిగిన గొట్టం

ఆవిరి బాబాయి ఆవిరి వదిలే చక్రానికి చెయ్యి కాలకుండా తువ్వాలు చుట్టి తిప్పుతుంటే, గోడకు ఇవతల పాలు పరీక్షించే టెస్టరమ్మ గాజు గొట్టాలు కడిగి బోర్లిస్తోంది. ఇద్దరికీ మధ్య చిన్న కిటికీ ఉంది. పాలు కాచే తొట్టికి ఆవిరి వదిలేది అతనే కనుక ఆ పాలకేంద్రంలో అందరికీ ఆవిరి బాబాయే. కనుబొమలు ఎప్పుడో ఆవిరికి రాలిపోయాయి. కబుర్లకు మాత్రం కరువు లేదు.

పచ్చిపాలలో పుట్టుకతోనే ఫాస్ఫటేజు అనే ఎంజైము ఉంటుంది. రోగక్రిములు చచ్చేంత వేడి తగిలితే గానీ అదీ చావదు. పాలలో మందు కలిపి గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే తెలిసిపోతుంది. అది చస్తే పాలు తెల్లగానే ఉంటాయి, బతికుంటే పసుపు తిరుగుతాయి. అందుకే రోజూ కిటికీలోంచి అతని కేక.

“చచ్చిందా అమ్మాయ్?”

“చచ్చింది బాబాయ్!”

ఆ మాట వినందే పాలు క్యాన్లలోకి వదిలేవాడు కాదు.

“పొద్దున్నే ఈ చావు కబురేంటి బాబాయ్?” అంది ఆమె, కొత్తగా చేరిన రోజుల్లో.

“పాపం, దూడ కోసం పుట్టిందమ్మాయ్ అది. మనం మధ్యలో దూరి చంపుతున్నాం. పోయిందో లేదో కనుక్కోకపోతే ఏం మర్యాద?”

అతనికి పెళ్లాం పిల్లలు లేరు. ఎవరైనా కదిలిస్తే, “ఈ తొట్టి ఒప్పుకోలేదు” అనేవాడు. ఆ తొట్టి పాలే ఊళ్లో పసిపిల్లలంతా తాగుతారు. టెస్టరమ్మ కూతురూ వాళ్లలో ఒకతి.

ఇవాళ పాలసీసా కిటికీలో పెట్టి, “చూడమ్మాయ్” అని ఊరుకున్నాడు. నుదురంతా చెమట.

“ఏంటి బాబాయ్, మాటలు ఇంట్లో మర్చిపోయొచ్చావా?”

“ఛాతీలో మంటమ్మా. టీ ఎక్కువైనట్టుంది.” వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు.

కాసేపటికి టెస్టరమ్మ నీళ్లలోంచి గొట్టం తీసి వెలుతురుకు పట్టింది. పసుపు. ఇన్నేళ్లలో అతని పాలు పసుపు తిరగటం ఆమె చూడలేదు.

“బాబాయ్! బతికే ఉంది! ఆవిరి ముందే కట్టేశావా ఏంటి?”

గొట్టంతో కిటికీ చెక్క మీద టకటకా కొట్టింది.

“పసిపిల్లలు తాగే పాలతో పరాచికాలా?” గొట్టం చేత్తో పట్టుకునే విసవిసా గోడ చుట్టూ తిరిగి వెళ్లింది.

బాబాయి గోడకు ఆనుకుని వేడి చూపే ముల్లు వైపే చూస్తున్నాడు. ముల్లు, పాలు కాగినట్టు చెప్పే ఎర్రగీతకు ఎంతో కిందే ఉంది. ఆవిరి కట్టేసి చక్రం గట్టిగా బిగించి ఉంది. కళ్లకు ముల్లు ఆనకపోయినా చేతులు అలవాటుగా పని ముగించేశాయి. ఆమె అతని భుజం తట్టింది. తల పక్కకు వాలింది. ఆమె తిట్టిన తిట్టు ఇంకా నోట్లోనే ఉంది.

అందరూ వచ్చి అతన్ని మోసుకెళ్లారు. బయట క్యాన్ల కోసం ఆగిన లారీ డ్రైవరు గొణిగాడు. “పోయినాయన ఎలాగూ పోయాడు, పాలేం చేశాయమ్మా? క్యాన్లలోకి వదిలెయ్యండి.”

“కాగలేదు” అంది ఆమె.

తువ్వాలు మీద చెయ్యేసి తనే చక్రం తిప్పింది. ముల్లు ఎర్రగీత దాటి నిలిచేదాకా కదల్లేదు. మళ్లీ పాలు పోసి చూసిన రెండో గొట్టం తెల్లగానే ఉండిపోయింది. అలవాటుగా కిటికీ వైపు తిరిగింది. ఎవరూ అడగలేదు. చచ్చిందన్న మాట ఆమె నోట రానూ లేదు. మూతలు బిగించి క్యాన్లు పంపేసింది.

చక్రం మీద తువ్వాలు, అతను చుట్టిన చుట్టు చుట్టినట్టే, ఆవిరికి తడుస్తూ ఉంది.