కమిటీ ముందు చిట్టి

మా గొడవ ఏమిటో ముందు చెప్పేస్తాను. లేకపోతే ఆ రోజు జరిగింది మీకు అర్థం కాదు.

నా పేరు ఫర్హా. స్పీచ్ థెరపిస్టుని. మాటలు రాని పిల్లలకి మాటలు నేర్పడం నా పని. ఊరు విశాఖపట్నం, కోపం కాస్త ఎక్కువ. ఆ కోపానికి కారణం కూడా చెప్తాను. నా దగ్గరికి నాలుగేళ్ల పిల్లాడిని వెంటబెట్టుకుని ఒక తల్లి వస్తుంది. "ఇంకా అమ్మా అని కూడా అనడండి, మా ఆయనకీ మాటలు లేటుగానే వొచ్చాయంట" అంటుంది. నేను వాడిని పక్క గదిలో నిఖిత దగ్గరికి పంపిస్తాను. నిఖిత ఆడియాలజిస్టు, అంటే వినికిడి పరీక్ష చేసే మనిషి. మద్దిలపాలెంలో మా ఇద్దరిదీ ఒకే క్లినిక్. కాసేపటికి తలుపు తీసి నావైపు చూస్తుంది. ఆ చూపుతోనే నాకు తెలిసిపోతుంది, వాడికి పుట్టినప్పటినుంచీ వినబడటం లేదని. వినని మాట వాడికి ఎలా వస్తుంది? పుట్టినప్పుడే ఎవరైనా కనిపెట్టి, ఏడాది తిరక్కుండా చెవికి మిషన్ పెట్టించి ఉంటే, ఇవాళ వాడు బడిలో అల్లరి చేసి మేస్టారితో తిట్లు తింటూ ఉండేవాడు. అలాంటి పిల్లాడు వచ్చిన రోజు నాకు అన్నం సహించదు.

అందుకే స్పీచ్ థెరపిస్టులూ ఆడియాలజిస్టులూ ఉన్న మా సంఘం చట్టం కావాలని అడిగింది. ప్రభుత్వాసుపత్రి అయినా ప్రైవేటుదయినా, పురుడు పోసిన ప్రతిచోటా బిడ్డ ఇంటికి వెళ్లేలోపు చెవులు పరీక్షించి తీరాలి. ఆ పరీక్ష రిజిస్ట్రేషన్ ఉన్న ఆడియాలజిస్టు పర్యవేక్షణలో జరగాలి. ఎవరు పడితే వాళ్లు చేసి పంపించేయకూడదు. మా అధ్యక్షులు నరసింహమూర్తిగారు, తల నెరిసిన ఆడియాలజిస్టు, ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి దాన్ని ఒక ముసాయిదా బిల్లులో క్లాజుగా చేర్పించారు. "తప్పనిసరి" అన్న ఆ ఒక్క మాటలోనే ఉంది అంతా. అది ఎగిరిపోతే మిగతా బిల్లు ఉప్పులేని పప్పు.

బిల్లు మీద అందరి మాటా వినడానికి శాసనసభ్యుల కమిటీ ఒకటి మా ఊరు వచ్చింది. సిరిపురంలో ఒక సమావేశ మందిరం. ముందు వరసలో సభ్యులు, వాళ్ల వెనక అధికారులు, ఒక పక్క మేము, ఇంకో పక్క ప్రైవేటు ఆసుపత్రుల వాళ్లు. వాళ్ల తరఫున డాక్టర్ శ్రీరామ్మూర్తిగారు లేచారు. పెద్దాయన, పిల్లల డాక్టరు, మాట్లాడితే తేనె కారుతుంది.

"చట్టం పెట్టి బలవంతం ఎందుకండీ? అనుమానం వచ్చిన తల్లి ఎలాగూ తీసుకొస్తుంది. తన బిడ్డ వింటోందో లేదో తల్లికి తెలీదా? తల్లికి తెలియంది మిషన్‌కి తెలుస్తుందంటే, అది మన ఆడవాళ్లకే అవమానం" అన్నారు.

చైర్మన్‌గారు తల ఊపారు. ఒకసారి కాదు, చాలాసేపు ఊపారు. నాకు ఒళ్లు మండిపోయింది. లేవబోతుంటే నిఖిత నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఆగవే. పరీక్ష సేసి సూపిస్తే ఆళ్లకే తెలుస్తాది. నువ్వు నోరు పారీసుకోకు" అంది.

పరీక్ష ఎంత తేలికో కమిటీకి చూపించాలని ముందే అనుకున్నాం. దానికి భీమునిపట్నం నుంచి ఒకావిడ తన పసిపాపని తెస్తానంది. తీరా సమయానికి ఫోన్ చేసి, పాపకి ఒళ్లు కాలిపోతోంది, రాలేమంది. నరసింహమూర్తిగారి మొహం పాలిపోయింది. పసిపిల్ల లేకుండా ఏం చూపిస్తాం?

"మన చిట్టి ఉంది గదే" అన్నాను నేనే.

చిట్టి నిఖిత కూతురు. ఎనిమిదో నెల. పాలు మానలేదు కాబట్టి నిఖిత ఎక్కడికెళ్తే అక్కడికి అత్తగారు నూకాలమ్మ చంకనెక్కి చిట్టి కూడా వస్తుంది. అప్పుడు కూడా బయట వసారాలో పాలు తాగి పడుకుని ఉంది. నిద్రపోయే పాప ఈ పరీక్షకి మరీ మంచిది.

నిఖిత నవ్వింది. "అవునే. దీనికెప్పుడూ పెట్టనేలేదు గదా. ఈ వొంకనైనా అయిపోద్ది."

నిజమే, ఎప్పుడూ పెట్టలేదు. మా వైపు తొలి కాన్పు పుట్టింట్లోనే. నిఖిత పార్వతీపురం వెళ్లి పురుడు పోసుకుంది. అక్కడి చిన్న ఆసుపత్రిలో ఈ మిషన్ లేదు. పాపతో తిరిగొచ్చాక ఇంక పరీక్ష ఎందుకని ఎవరికీ అనిపించలేదు. పిల్ల బొద్దుగా ఉంది, నవ్వుతుంది, ఉంగా ఉంగా అంటుంది, ఎత్తుకుని పాడితే పడుకుంటుంది. పైగా తల్లి ఆడియాలజిస్టు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా క్లినిక్‌లో ఆ మిషన్ చెయ్యి చాస్తే అందే దూరంలో ఉండేది.

"పసిదాని సెవిలోన ఏటెడతారమ్మా?" అని నూకాలమ్మ సణుగుతూనే పాపని లోపలికి తెచ్చింది.

నిఖిత మైకు ముందు నిలబడి చెప్పింది. "బాగున్న చెవిలోకి శబ్దం వెళ్తే, చెవి కూడా ఒక చిన్న శబ్దాన్ని తిరిగి బయటికి పంపిస్తుంది సార్. మనకి అది వినపడదు, ఈ మిషన్ పట్టుకుంటుంది. పట్టుకుంటే పచ్చరంగులో పాస్ అని వస్తుంది. పట్టుకోలేకపోతే ఎర్రరంగులో రిఫర్ అని వస్తుంది. అంటే ఈ బిడ్డకి ఇంకా పెద్ద పరీక్షలు చెయ్యాలని. నొప్పి ఉండదు, సూది ఉండదు. చూడండి, నా కూతురు నిద్ర కూడా లేవదు."

మిషన్ మీద వచ్చేది అందరికీ కనిపించాలని నరసింహమూర్తిగారు దాన్ని గోడ మీది పెద్ద తెరకి కలిపించారు. చిట్టి నానమ్మ ఒళ్లో నోరు తెరుచుకుని పడుకుంది. నిఖిత పాప చెవిలో చిన్న రబ్బరు మొన పెట్టి బొత్తాం నొక్కింది.

గోడంతా ఎర్రగా అయింది.

ఎవరో కిసుక్కున నవ్వారు. నిఖిత కంగారుపడలేదు. ఏసీ మోతకి కూడా ఇలా వస్తుంది సార్, మొన సరిగా కూర్చోకపోయినా వస్తుంది అని చెప్పి ఏసీ ఆపించింది. మొన మార్చింది. రెండో చెవికి పెట్టింది. మళ్లీ ఎరుపు. అప్పుడు మొన మార్చి తన చెవిలోనే పెట్టుకుని నొక్కింది. గోడ పచ్చబడింది. ఆ పచ్చరంగు చూసి హాల్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు, మిషన్ దారికొచ్చిందని. నేను మాత్రం నిఖితకేసి చూశాను. మిషన్ బాగుందంటే అర్థం ఏమిటో ఆ హాల్లో మాలాంటి కొద్దిమందికే తెలుసు. నిఖిత మళ్లీ చిట్టి దగ్గరికి వంగింది. ఒక చెవి, ఇంకో చెవి. ఎరుపు, ఎరుపు.

నేను దగ్గరికెళ్లి మెల్లగా అన్నాను. "సెవి లోపల నీరేమైనా సేరిందేమో."

"జలుబైనా లేదే దానికి" అంది నిఖిత. ఆమె గొంతు మామూలుగానే ఉంది. దానికే నాకు భయం వేసింది.

ఈలోపు ఉక్కపోతకి చిట్టి లేచింది. నిఖిత పాపని నానమ్మ ఒళ్లో ముందుకు తిప్పి కూర్చోబెట్టింది. "అత్తా, నువ్వు ఊపకు, కదలకు, మాటాడకు" అని చెప్పి నావైపు తిరిగింది. "ఫర్హా, నీ సంచీ తీ."

నా సంచీలో ఎప్పుడూ గిలక్కాయ, గంట, స్టీలు పళ్లెం, చెంచా ఉంటాయి. పిల్లలకి కనబడకుండా వెనక నిలబడి మోగిస్తే, వినబడే పాప తల తిప్పుతుంది. ఎంతమంది తల్లుల ముందు ఈ పని చేశానో లెక్కలేదు. ఆ రోజు చిట్టి వెనక నిలబడ్డాను. గిలక్కాయ ఆడించాను. గంట కొట్టాను. చిట్టీ అని పిలిచాను. తర్వాత పళ్లెం మీద చెంచాతో ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. చైర్మన్‌గారి చేతిలో కాఫీ తొణికి చొక్కా మీద పడింది. డాక్టర్ శ్రీరామ్మూర్తిగారు చెవులు మూసుకున్నారు. చిట్టి మాత్రం మైకు మీద వెలుగుతున్న చిన్న ఎర్రదీపాన్ని పట్టుకోవాలని చెయ్యి చాపుతోంది. అదే చూస్తోంది, దాన్ని చూసే నవ్వుతోంది.

నేను ఆ పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"అదేటమ్మా" అంది నూకాలమ్మ, అందరి మొహాలూ చూస్తూ. "రేత్రి గూడ్సు ఎల్తే లెగిసిపోతాది గదా. రోజూ ఉలిక్కిపడి లెగుస్తాది. వినబడకపోతే ఎలాగ లెగుస్తాది?"

వాళ్ల ఇల్లు జ్ఞానాపురంలో, పోర్టుకి వెళ్లే గూడ్సు లైనుకి ఆనుకుని ఉంటుంది. ఖనిజం బండి వెళ్తుంటే గిన్నెలు గలగలలాడతాయి. పాప లేచి ఏడుస్తుందని నిఖిత క్లినిక్‌లో చెప్పి విసుక్కునేది, దీని చెవులు పాము చెవులే తల్లీ అని నేను వేళాకోళం చేసేదాన్ని. మా ఇద్దరికీ చదువు ఉంది. మా ఇద్దరికీ అనుమానం రాలేదు.

నిఖిత అత్తగారి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "మంచం అదురుతాది అత్తా" అంది నెమ్మదిగా. "దానికి లెగుస్తాది." తన గుండెల మీద చెయ్యి పెట్టుకుంది. "నాను పాడితే పడుకుంతాది గదా. ఇక్కడ ఏసుకుని పాడతాను. ఈ అదురు తగుల్తాది దానికి. పాట కాదు."

నా జీవితంలో నేను అంత నిర్ఘాంతపోయింది లేదు. ఏడుపు కూడా రాలేదు. ఒక్కటే ఆలోచన తిరుగుతోంది, రోజూ మా కళ్లముందే ఆడుకున్న పిల్ల, రోజూ మా ఒళ్లోనే ఉన్న పిల్ల అని.

ముందుగా తేరుకున్నది నరసింహమూర్తిగారు. నిఖితని కూతురిలా చూసుకుంటారాయన. గబగబా లేచి, "సార్, మిషన్‌లో ఏదో తేడా ఉంది. ఇంకో రోజు ఇంకో మిషన్‌తో చూపిస్తాం" అన్నారు. ఇన్నేళ్లు తను మోసిన క్లాజుని తనే కింద పడేస్తున్నానని ఆయనకి తెలుసు. తెలిసే అన్నారు.

చైర్మన్‌గారు కూడా మంచి మనిషే. గొంతు తగ్గించి, "అవునమ్మా, ఇది రికార్డులోకి ఎందుకు? మిషన్ సరిగా పనిచెయ్యలేదని రాయిస్తాను. నువ్వు పాపని తీసుకుని ఇంటికెళ్లు" అన్నారు. పక్కనున్న ఒక సభ్యుడు మాత్రం ఉండబట్టలేక, ఇలా తప్పులు చూపించే మిషన్‌ని నమ్మి ప్రతి ఆసుపత్రికీ తప్పనిసరి చేస్తామా అన్నాడు. గుమస్తా రాసుకోవడానికి సిద్ధంగా తలెత్తి చూశాడు.

నిఖిత లేచి నిలబడింది. చిట్టిని భుజాన వేసుకుంది. మైకు దగ్గరికి వెళ్లింది.

"మిషన్ బాగుంది సార్. మీరందరూ చూశారు, నా చెవికి పాస్ వచ్చింది. ఈ పిల్లకి చెవులు వినబడుతున్నట్టు లేదు. పెద్ద పరీక్ష చేస్తే ఎంత అన్నది తెలుస్తుంది." మాట తడబడింది, సర్దుకుంది. "తల్లికి తెలీదా అని డాక్టరుగారు అడిగారు. తెలీలేదండి. నేను ఇదే చదివాను, ఇదే పని చేస్తాను. దీన్ని రోజూ ఎత్తుకుంటాను. నాకు తెలీలేదు. పుట్టిన ఆసుపత్రిలోనే పరీక్ష చేసి ఉంటే ఈపాటికి దీని చెవులకి మిషన్ పెట్టేసి ఉందును. ఇన్ని నెలలు పోయాయి సార్. ఇదంతా రాయించండి. నా పేరూ రాయించండి."

శ్రీరామ్మూర్తిగారు లేచారు. "మా ఆసుపత్రుల తరఫున అభ్యంతరం లేదండి" అని కూర్చున్నారు. చైర్మన్‌గారు గుమస్తాకి ఆ క్లాజు అలాగే ఉంచమని చెప్పారు. వెనక వరసలో ఎవరో బుద్ధిలేనివాడు చప్పట్లు కొట్టాడు. నేను వాడికేసి చూసిన చూపుకి ఆపేశాడు.

వసారాలోకి వచ్చేశాం. నూకాలమ్మ మెట్ల మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. లోపల మా సంఘం వాళ్లు గుసగుసలాడుకుంటున్నారు, గెలిచామని. గెలిచామంట. నాకు ఆ బిల్లుని చింపి పోగులు పెట్టాలనిపించింది. నిఖిత భర్త స్టీలు ప్లాంటులో డ్యూటీలో ఉన్నాడు, అతనికి ఇంకా తెలీదు. ఆమె ఫోన్ తీసింది, మళ్లీ లోపల పెట్టేసింది.

"ఫర్హా" అంది.

"ఏటే?"

"మొదటి రోజు వొచ్చిన తల్లులకి ఏటి సెప్తావు నువ్వు? పరీక్ష అయిపోయాక, నా గదిలోంచి నీ గదిలోకి వొస్తారు గదా. అప్పుడు ఏటి సెప్తావో అది నాకు సెప్పు."

అది నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చే మాట. ఇన్నేళ్లుగా చెప్తున్నదే. ఆమె నా ఎదురుగా చిట్టిని భుజాన వేసుకుని, ఏమీ తెలియని మనిషిలా నిలబడి ఉంది.

"సెవి మిషన్ వొచ్చేదాకా ఊరుకోకమ్మా" అన్నాను, ఆ తల్లులతో అన్నట్టే. "ఈవేళ నుంచే మాటాడు. భుజం మీద ఏసుకుని కాదు. నీ మొహం దానికి కనబడాల."

నిఖిత చిట్టిని భుజం మీంచి దించింది. రెండు చేతులతో తన మొహానికి ఎదురుగా ఎత్తి పట్టుకుంది. చిట్టి ఆమె పెదాల వైపు చూసింది.

"అమ్మ" అంది నిఖిత.