కల్యాణమండపం తాళం

శుక్రవారం మధ్యాహ్నం పునుగుల పిండి కలుపుతుంటే హాల్లోంచి భర్త సత్తిబాబు గొంతు వినబడింది హైమకి. "చట్టం వాళ్ళ పక్కనుంటే ఉండనీ. ఊరు మనది."

మస్కట్‌లోని రువి ప్రాంతంలో వాళ్ళ ఫ్లాట్లో ప్రతి శుక్రవారం ఇదే మీటింగు. ఇక్కడ పనిచేసే ఊరి మగవాళ్ళు చందాలేసుకుని గోదావరి పక్కనున్న తమ ఊళ్ళో కల్యాణమండపం కట్టించారు. దళితపేటకి చెందిన ఇస్రాయేలు అందులో కూతురి పెళ్ళి చేస్తానంటే తాళం వేయించారు. అధికారులొచ్చి తాళం తీయించారు, పెళ్ళి జరిగింది. అప్పట్నుంచి కట్టుబాటు. పేటవాళ్ళకి పొలం పని ఇవ్వకూడదు, పాలు పొయ్యకూడదు, ఆటో ఎక్కించుకోకూడదు. అన్నీ ఇక్కడే, హైమ పెట్టిన పునుగులు తింటూ, ఆమె ఇచ్చిన టీ తాగుతూ తేల్చారు. "పసిపిల్లల పాలు కూడానాండీ?" అని ఒకసారి అడిగింది. "నీకెందుకే ఇవన్నీ? చట్నీలో ఉప్పు చూసుకో" అన్నాడు సత్తిబాబు. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. వాళ్ళ నవ్వు ఎప్పుడో మర్చిపోయింది గానీ, తన నవ్వు తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు కంపరమెత్తుతుంది.

ఈసారి మాట అమ్మణ్ణి మీదికి వచ్చింది. ఇస్రాయేలు చెల్లెలు, ఇక్కడే క్లినిక్‌లో ఆయా. రువి పక్కనే హమ్రియాలో, పనికొచ్చిన ఆడవాళ్ళ కోసం ఊరివాళ్ళు అద్దెకి తీసుకున్న రూమ్‌లో ఒక మంచం ఆమెది. హైమకి కడుపు పోయినప్పుడు సత్తిబాబు డ్యూటీ వదిలి రాలేదు. నెత్తుటి బట్టలు ఉతికింది అమ్మణ్ణి, పక్కన కూచుని గంజి తాగించింది అమ్మణ్ణి.

"రూమ్ ఖాళీ చెయ్యమని నువ్వే ఫోన్ చెయ్యి. ఆడోళ్ళ మాట ఆడోళ్ళే చెప్పుకోవాలి" అన్నాడు సత్తిబాబు.

హైమ చేసింది. "సరేనండి" అంది అమ్మణ్ణి, అంతే.

ఆ తర్వాత అన్నం సయించలేదు. ఒకరోజు భర్త డ్యూటీకి వెళ్ళాక టాక్సీ ఎక్కి హమ్రియా వెళ్ళింది. అమ్మణ్ణి పెట్టె సర్దుకుంటోంది.

"నువ్వెక్కడికీ వెళ్ళకు. వాళ్ళందరి ముందూ నేనే మాట్లాడతాను."

అమ్మణ్ణి లేచొచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "లోపలికి రాకండమ్మా. మీరు మాట్లాడితే మిమ్మల్ని రెండు తిట్టి ఊరుకుంటారు. అక్కడ మా అన్నయ్య ఇంటిమీద పడతారు. ఇక్కడ నా పని పీకేస్తారు, క్లినిక్కులో సూపర్‌వైజరు మీవాళ్ళే. మీ మంచితనం మేం మొయ్యలేమండి."

నోరు విప్పడానికి ధైర్యం ఒక్కటే తక్కువనుకుంది హైమ ఇన్నేళ్ళూ. తీరా అది వచ్చాక, దాని దెబ్బ తన వీపున పడదని తెలిసింది.

హైమ సెల్ మోగింది. "ఇంట్లో ఫోను ఎత్తవేం? ఎక్కడున్నావు?" సత్తిబాబు.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా అమ్మణ్ణి ఊపిరి బిగబట్టి చూస్తోంది.

"కూరగాయలకి వచ్చానండీ" అంది హైమ.

అమ్మణ్ణి ఊపిరి వదిలి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.