నలభై రోజుల ప్రయోగం

ధనరాజ్ అనే మనిషి మమ్మల్ని కొట్టలేదు, తిట్టలేదు. నా కోపమంతా అక్కడే. కొట్టి ఉంటే మొదటి రోజే తిరగబడేవాళ్ళం. మా చాప మీద కూర్చుని, మా టీ తాగి, "మీ వీధి ఎలా ఉండాలో మీరే చెప్పండి" అన్నాడు. నలభై ఎనిమిదేళ్ళలో ఆ మాట నన్నెవరూ అడగలేదు. పడిపోయాను.

విజయనగరంలో మాది తోపుడు బళ్ళవాళ్ళ వీధి. ఇరవై రెండు ఇళ్ళు. ఇల్లంటే ఒక గది, పడుకోవడానికి. బతుకంతా గుమ్మం ముందు పాకలోనే. నా పాకలో బళ్ళ చక్రాలు బాగుచేసేవాణ్ణి. పక్క పాకలో బుల్లమ్మత్త అట్లు పోసి అమ్మేది.

2017 వేసవిలో ఒక సంస్థవాళ్ళు వీధి మొదట్లో బోర్డు పెట్టారు, లివింగ్ ల్యాబ్ అని. జనమే ప్రయోగాలు చేసి తమ పట్నాన్ని బాగుచేసుకోవడమట. ధనరాజ్ ఆ సంస్థ మనిషి. పాకలు తీసేసి నలభై రోజులు చూద్దాం, గాలి వస్తుంది, పిల్లలు ఆడుకుంటారు, నచ్చకపోతే మళ్ళీ వేసుకోండి అన్నాడు.

మీటింగులో లీలారాణి లేచింది. ఆస్పత్రిలో ఊడ్చే మనిషి, ఎవరికీ జంకదు.

"ప్రయోగమంటన్నారు. మరి ఎలకలెవులు జేమ్స్ బావా?"

అందరూ నవ్వారు. ఆ ప్రయోగానికని వేసిన వీధి కమిటీకి నన్ను పెద్దను చేశారు కదా, నాకు నవ్వు రాలేదు.

"నోర్ముయ్యే. సదువుకున్నోలు మన గుమ్మంలోకొచ్చి అడుగుతుంటే ఎకసెక్కాలేటి?"

"నలబై రోజులేనని కాయితం రాసిమ్మను."

"అలగడిగితే ఆయన్ని నమ్మనట్టు కాదేటి?"

"నమ్మకపోతే ఏటవుతాది బావా, టీ వెనక్కి కక్కుతాడేటి?"

నేను కాగితం అడగనివ్వలేదు. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి, చదువుకున్నవాడి ముందు మర్యాద తప్పకూడదనుకున్నాను.

ఏటా క్రిస్మస్ ముందు వీధి వీధంతా కలిసి చర్చికి సున్నం వేస్తాం. అదే ఊపులో ఆదివారం ఆరాధన అయ్యాక పాకలు విప్పాం. మొదటి గునపం నా పాకకే వేశాను. ధనరాజ్ ఫొటోలు తీశాడు. బుల్లమ్మత్త పొయ్యి రాళ్ళు ఒక్కొక్కటే లోపలికి మోసుకుంది.

"నలబై రోజులే కదేటి అల్లుడా?"

అవునన్నాను.

కిటికీ లేని గదిలో ఆమె కట్టెల పొయ్యి వెలిగించింది. దగ్గు పట్టుకుంది. నలభై ఒకటో రోజు పొద్దున్న మేము వాసాలు భుజాన వేసుకుని వస్తే, పాకలున్న జాగా చుట్టూ ఇనుప కంచె వేస్తున్నారు. లోపల సిమెంటు బల్లలు, పూలకుండీలు, ఒక వాచ్‌మన్.

అందరం ధనరాజ్ ఆఫీసుకి వెళ్ళాం.

"ప్రయోగం విజయవంతమైంది. జాగా మున్సిపాలిటీది. మీరే స్వచ్ఛందంగా ఖాళీ చేశారు" అంటూ ఫొటో తిప్పి చూపించాడు. గునపం పట్టుకుని నవ్వుతున్నది నేనే.

పని చేసుకునేవాళ్ళారా, చదువుకుంటున్న పిల్లలారా, మీ వీధికీ వస్తారు, మీ అభిప్రాయం అడుగుతారు. చెప్పండి. కానీ రాసుకునే కలం ఎవరి చేతిలో ఉందో చూసి చెప్పండి.

రెండు నెలలకు బుల్లమ్మత్త పోయింది. శవపేటిక ఆమె గుమ్మంలోంచి లోపలికి పట్టలేదు. కంచెకీ గోడకీ మధ్య మనిషి నడిచేంత సందే మిగిలింది.

"ఎక్కడ దించమంటావు బావా?" అని లీలారాణి అడిగింది. ఈసారి ఎకసెక్కం లేదు.

ఆమె కంచె మీద చెయ్యి వేసింది. తర్వాత ఎదురింటి ఎర్రన్న. తర్వాత ఎవరెవరో చూడలేదు, నా చెయ్యీ ఉంది. వాచ్‌మన్ పక్కకు తప్పుకున్నాడు, అతనూ మాలాంటివాడే. కంచె ఒరిగింది. ఆ ఖాళీ జాగాలో పెట్టె దించి, పాస్టరు జ్ఞానానందం గారు ప్రార్థన చేశారు.

సమాధి చేసి వచ్చాక ఎవరూ ఇళ్ళలోకి పోలేదు. మళ్ళీ వాసాలు తెచ్చాం. మొదట బుల్లమ్మత్త పాక నిలబెట్టాం. నాలుగోది లేస్తుండగా పోలీసులు వచ్చారు.

"ఎవడు మొదలెట్టాడు?" అన్నాడు ఎస్సై.

"అందరం ఇప్పినాం, అందరం ఏస్తన్నాం. అలగే రాసుకోండి" అంది లీలారాణి.

పదకొండు మందిని వ్యాను ఎక్కించారు. మిగిలినవాళ్ళు ఐదో పాక వాసం వదల్లేదు.

కేసు నడుస్తోంది. బుల్లమ్మత్త ఎటూ రాదు. నా పాక పోయిన జాగా ఎనిమిదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు. తొంభై ఆరు చదరపు అడుగులు.